మన వంతు దారి

గుండ్లచెలిమ, కర్నూలు జిల్లా
జనవరి 3

తమ్ముడు వసంతుకు,

నువ్వు, జెస్సీ, పిల్లలు దేవుని కృపలో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం చూసి కంగారు పడకు. నాకేమీ కాలేదు, చెవులు మాత్రం పూర్తిగా పోయినట్టే. ఎమ్మిగనూరు డాక్టరు పెట్టిన మిషను ఫోను దగ్గరికి తెస్తే చాలు, ఈలలు వేస్తుంది. క్రిస్మస్ రోజు నువ్వు ఫోనులో పది నిమిషాలు మాట్లాడావు, నేను ఊ కొడుతూ పోయాను కదా, అందులో ఒక్క ముక్క కూడా నాకు వినపడలేదు. రాలేకపోతున్నావని మాత్రం ఊహించుకున్నాను. ఇకమీదట నాతో చెప్పాల్సింది ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టు. నువ్వు పదో తరగతి దాకా చదివింది అందుకే అనుకో.

ఒకటో తేదీ పొద్దున ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే వాగ్దానం కార్డుల డబ్బా తిప్పారు. డబ్బా పట్టుకునే పని నాదే కదా. అందరూ కళ్ళు మూసుకుని, ఈ ఏడాదికి దేవుడు తమకిచ్చే వాక్యమని తలా ఒక కార్డు తీసుకున్నారు. ఊళ్ళో లేని వాళ్ళకు ఇంటివాళ్ళు తీశారు. నేను నాకోసం ఒకటి తీసుకుని, నీ పేరు తలచుకుని ఇంకొకటి తీశాను. నీకేమి వచ్చిందో చూడు, ఇందులోనే పెడుతున్నాను. యెషయా గ్రంథంలోని మాట. దారిని ఎత్తు చేయండి, ఎత్తు చేయండి, జనం తొట్రుపడేది ఏదైనా ఉంటే అందులో నుంచి తీసేయండి అని. పొద్దున లేస్తే గ్రేడరు ఎక్కి దారులు చదును చేసేవాడివి, నీకు కాక ఈ మాట ఇంకెవరికి రావాలి? చూసి నవ్వుకున్నాను.

ఇంకో సంగతి. మట్టల ఆదివారం ఈసారి ఏప్రిల్ పదమూడున వచ్చింది. ముందు రోజు శనివారం ఊరి నుంచి చర్చి దాకా దారిలో ఎవరి వంతు వాళ్ళు ముళ్ళకంప కొట్టి ఊడ్చుకోవాలి. ప్రభువు వచ్చే దారిని కూలికి ఇచ్చి బాగు చేయించకూడదని నాన్న పెట్టిన పద్ధతి మరి. ఆయన పోయాక పదకొండేళ్ళుగా మన వంతు నేనొక్కదాన్నే చేస్తున్నాను. నా నడుము నాతో మాట్లాడటం మానేసింది. ఈసారైనా వచ్చి పార పట్టుకో.

నీ అక్క,
ప్రేమమ్మ

*

కడప
జనవరి 14

అక్కకు,

ఉత్తరం అందింది. కార్డు కూడా అందింది. మేమందరం బాగున్నాము. ఇక్కడ చలి ఈ ఏడాది ఎక్కువగానే ఉంది. పిల్లలకు జలుబు చేసి తగ్గింది. జెస్సీకి కుట్టుపని బాగానే దొరుకుతోంది. కడపలో కొత్త రోడ్లు వేస్తున్నారు, దుమ్ము ఎక్కువైంది.

క్రిస్మస్‌కు ఎందుకు రాలేదో ఫోనులోనే చెప్పాను కానీ నీకు వినపడలేదంటున్నావు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. డిసెంబరు పదిహేడున మా రాతి గనిలో ఒక టిప్పరు దారి అంచు దాటి కింద పడింది. తోలే మనిషి పేరు ఓబులేష్. కాలు రెండు చోట్ల విరిగింది, ప్రాణానికి ఏమీ కాలేదు. బండి తోలుతూ కునుకు తీశాడంటున్నారు. దాని మీద విచారణ జరుగుతోంది, అందుకని ఎవరికీ సెలవులు ఇవ్వలేదు.

నీకొక మాట అడగాలి. ఆ కార్డు నువ్వు కళ్ళు మూసుకునే తీశావా? ఇంకెవరైనా తీసి ఇచ్చారా? డబ్బాలో ఎన్ని కార్డులు ఉంటాయి? అన్నిట్లో దారి గురించే ఉండదు కదా? ఊరికే అడుగుతున్నాను.

మట్టల ఆదివారం సంగతి అప్పటికి చూద్దాం.

నీ తమ్ముడు,
వసంతకుమార్

*

గుండ్లచెలిమ
జనవరి 27

వసంతూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చలి గురించి, దుమ్ము గురించి, జలుబు గురించి రాశావు. నీ గురించి ఒక్క ముక్క లేదు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు వాతావరణం చెబుతావా?

కార్డు గురించి నాలుగు ప్రశ్నలు వేసి ఊరికే అడుగుతున్నానన్నావు. ఊరికే అడిగేవాడు ఒకటి అడుగుతాడు.

జెస్సీ కూడా నాకు వేరేగా రాసింది. ఆమె మీద కోపగించుకోకు, భయపడి రాసింది. డిసెంబరు నుంచి నువ్వు ప్రభువు బల్ల తీసుకోవడం లేదట. రొట్టె పళ్ళెం నీ వరుసకు వచ్చేసరికి ఫోను వచ్చినట్టు లేచి బయటికి పోతున్నావట. క్రిస్మస్‌కు కొత్త చొక్కా కూడా తొడుక్కోలేదట. ఉపదేశి ప్రేమయ్య కొడుకు పళ్ళెం చూసి పారిపోవడమేమిటి?

నీకు గుర్తుందా, నీకు పదేళ్ళప్పుడు మన వంతు దారి ఊడ్వమని నాన్న నీకు అప్పగించాడు. నువ్వు ఆటకు పోవాలని తొందరపడి కంపనంతా పక్క వంతులోకి, హంపమ్మ వాళ్ళ అత్త వంతులోకి తోసేసి వచ్చావు. మరుసటి రోజు మట్టలు పట్టుకుని అందరం పోతుంటే ఆ ముసలమ్మ కాలిలో ముల్లు దిగి చీము పట్టింది. పది రోజులు మంచాన పడింది. నాన్న నిన్ను కొట్టలేదు, తిట్టలేదు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఆ దారంతా ఉత్త కాళ్ళతో నడిచాడు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అలాగే నడిచాడు. ఆ మొదటిసారి నువ్వు వెనక నుంచి చూస్తూ ఏడ్చుకుంటూ వచ్చావు. అప్పుడు కూడా ఇలాగే, రాత్రి అన్నం తినకుండా, జ్వరమని చెప్పి పడుకున్నావు. చివరికి నువ్వే పోయి ఆ ముసలమ్మతో చెప్పావు. ఆమె నీకు బెల్లం ముక్క పెట్టింది.

ఏం జరిగిందో రాయి. నేను చెవిటిదాన్నే కానీ చదవడం వచ్చు.

అక్క

*

కడప
ఫిబ్రవరి 7

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు కాగితాలు చించాను. ఇది ఐదోది. దీన్ని చించకుండా పోస్టులో వేస్తానని జెస్సీకి మాట ఇచ్చాను. ఆమెకు కూడా నిన్ననే చెప్పాను.

మా గనిలో టిప్పర్లు తిరిగే దారికి ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. లోయ వైపు అంచు పొడుగునా మట్టితో కట్ట వేసి ఉంచుతాం. బండి అటు జరిగితే చక్రం ఆ కట్టకు తగిలి ఆగుతుంది. పొద్దున మంచులో డ్రైవర్లకు అంచు ఎక్కడుందో తెలిసేది కూడా ఆ కట్టను చూసే. దారి, కట్ట రెండూ చూసుకోవడం నా పని.

డిసెంబరు పదహారున వాన పడి దారి మీద నీళ్ళు నిలిచాయి. అలాంటప్పుడు గ్రేడరుతో కట్టలో ఒకచోట గండి కొట్టి నీళ్ళు లోయలోకి వదులుతాం. నీళ్ళు పోగానే గండి మూసి, మళ్ళీ ఎత్తు చేసి ఇంటికి పోవాలి. ఆ రోజు ఐదు గంటలకు చర్చిలో క్రిస్మస్ పాటల సాధన ఉంది. నేను డోలక్ వాయించాలి. నీళ్ళు ఇంకా పోతూనే ఉన్నాయి, పొద్దున్నే వచ్చి మూద్దాంలే అనుకుని వెళ్ళిపోయాను. అక్కా, నేను దేవుని పాటలకని వెళ్ళాను. అది తలచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

పొద్దున నేను వెళ్ళేసరికే అయిపోయింది. మంచులో ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడానికి ఓబులేష్ అంచుకు జరిగాడు. కట్ట ఉంటుందని నమ్మి జరిగాడు. సరిగ్గా ఆ గండి దగ్గరే చక్రం జారింది. అందరూ కింద అతన్ని బయటికి తీయడంలో ఉన్నారు, పైన ఏముందో ఎవరూ చూడలేదు. మేనేజరు భూపేష్ సారు నాకు ఫోను చేసి, "వసంతప్పా, ముందు ఆడ దావ బాగు చెయ్యి, మళ్ళా ఇంకొకటి పడుతుంది" అన్నాడు. నేను గండి మూసేశాను, ఎత్తు చేశాను. అందులో తప్పేమీ లేదు. మధ్యాహ్నం ఆయన వచ్చి, "కట్ట ఎంత తెగింటిది?" అని అడిగాడు. నేను, "టిప్పరు తొక్కినంత మేర సార్" అన్నాను. అంతే చెప్పాను. ఆ ఒక్క మాటతో ఓబులేష్ నిద్రపోయి, నిండు కట్టను ఎక్కించి దాటించినట్టు అయిపోయింది.

ఇరవయ్యో తేదీన చివరి విచారణ. అందులో నిద్రపోయాడని తేలితే అతని లైసెన్సు పోతుంది. పద్దెనిమిదేళ్ళ నుంచి బండి తోలుతున్నాడు, వేరే పని రాదు. పోయిన వారం అతని భార్య మధులత మా ఇంటికి వచ్చింది. జామకాయలు తెచ్చింది.

"అన్నా, ఆ పొద్దున అందరికన్నా ముందు ఆ దావ మీద పని చేసింది నువ్వే అంట గదా. కట్ట యెట్లుండాదో నువ్వు చూసింటావు. నా మొగుడు నిద్రపోలేదని ఒక్క మాట చెప్పన్నా" అంది.

నేను సరిగా చూడలేదమ్మా అన్నాను. ఆమె జామకాయలు పెట్టేసి పోయింది. పిల్లలు తిన్నారు, నేను ముట్టుకోలేదు.

ఇదంతా ఇలా ఉండగా నీ కార్డు వచ్చింది. ఎత్తు చేయండి అని! ఎవరూ చూడలేదనుకున్నాను కదా, ఆయన చూశాడు. నెల రోజులుగా ఆ కార్డును బీరువాలో బట్టల కింద దాచి పెట్టుకున్నాను. బీరువా తలుపు తీయాలంటే భయమేస్తోంది. దేవుడే వేలు పెట్టి చూపించాక ఇంక నాకు ఆయన దగ్గర చోటెక్కడిది? నిజం చెప్పు, ఆ కార్డు ఆయన పంపిందేనా?

వసంత

*

గుండ్లచెలిమ
ఫిబ్రవరి 13

నా తమ్ముడు వసంతుకు,

నీ ఉత్తరం నిన్న అందింది. చదివి నీ మీద కోపం వచ్చింది, తర్వాత నిన్ను తలచుకుని ఏడ్చాను, తర్వాత ఓబులేష్ భార్యను తలచుకుని మళ్ళీ ఏడ్చాను. వెళ్ళి చెప్పు. ఇరవయ్యో తేదీ దాకా ఆగకు. ఉద్యోగం పోతే పోనీ, ఈ ఊళ్ళో మన ఎకరా ముప్పావు ఎక్కడికీ పోలేదు. ఇంత వరకు రాయడం నాకు తేలికే.

ఇక తేలిక కానిది రాస్తాను. కూర్చుని చదువు.

ఆ కార్డు నీకు వచ్చింది కాదు. నేను ఏరి పెట్టింది.

నీ పేరు తలచుకుని మొదట నేను తీసింది వేరే కార్డు. అది అందరికీ వచ్చే మామూలు కార్డేలే అనిపించి, మళ్ళీ డబ్బాలో వేసేశాను. కళ్ళు తెరిచి, వేళ్ళతో తిరగేసి దారి గురించి ఉన్నది వెతికాను. రోడ్ల పని చేసేవాడికి దారి వాక్యం పంపితే సంతోషిస్తాడు, నవ్వుకుంటాడు, ఈ ఏడాదైనా వంతుకు వస్తాడు అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ డబ్బా నా చేతుల్లో ఉంది, ఎప్పుడూ ఇలా చేయలేదు. దేవుడి పేరు పెట్టి నా సరదా నీకు పంపాను. అది నెల రోజులు నా తమ్ముడి గుండె మీద బండరాయిలా కూర్చుంది.

ఇది నీకు చెప్పకుండా ఉంటే బాగుండేదని నిన్న పొద్దుటి నుంచి అనుకుంటున్నాను. కార్డుకు భయపడి అయినా వాడు నిజం చెబుతాడు కదా, ఊరుకో అని నా మనసు నాకే చెప్పింది. కానీ నేను ఒక అబద్ధం దాచుకుని నిన్ను నిజం చెప్పమని ఎలా రాసేది? ఇప్పుడు ఇది చదివి, కార్డు ఉత్తదే కదా అని నువ్వు నోరు మూసుకుంటావేమోనని నాకు భయంగా ఉంది. అలా చేస్తే అందులో సగం పాపం నాది. అయినా రాసేశాను.

నీకు వచ్చిన అసలు కార్డు పంపుదామని చూశాను. నేను తిరిగి వేసేశాక దాన్ని హంపమ్మ తీసుకుందని తెలిసింది. నిన్న వాళ్ళింటికి పోయాను. ఆమె దాన్ని బియ్యం డబ్బాకు జిగురుతో అంటించేసింది. నేను సంగతంతా చెప్పి అడిగితే, "నాకొచ్చింది నాదే. నీ తమ్మునికి కావల్లంటే చూసి రాసుకొని పో" అని కాగితం మీద రాసి చూపించింది. ఆమె బియ్యం డబ్బా ముందు కూర్చుని రాసుకొచ్చిన కాగితం ఇందులోనే పెడుతున్నాను. అందులో ఉన్న మాట ఇది: నేను నీకు తోడుగా ఉన్నాను, భయపడకు, నీ చెయ్యి పట్టుకుంటాను అని. ఇది కూడా యెషయాలోదే. మామూలు కార్డు అనుకున్నాను చూడు, నా తెలివి!

వచ్చే ఆదివారం చర్చిలో లేచి నా తప్పు చెప్పుకుంటాను. నువ్వు నీది చెప్పుకో.

అక్క

*

కడప
ఫిబ్రవరి 23

అక్కా,

నీ పదమూడో తేదీ ఉత్తరం నాకు పద్దెనిమిదిన అందింది. నువ్వు భయపడిందంతా వృథా. నేను తొమ్మిదో తేదీనే చెప్పేశాను.

నీకు రాసిన ఉత్తరం ఏడో తేదీన పోస్టు డబ్బాలో వేశాను కదా, వేసి వెనక్కి తిరిగాక దాచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు అనిపించింది. ఎక్కడో కర్నూలు జిల్లాలో ఉన్న నీకు చెప్పగలిగినవాణ్ణి, ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఓబులేష్‌కు చెప్పలేనా? ఒక రోజు గింజుకున్నాను. తొమ్మిదిన ఆదివారం, ఆరాధనకు వెళ్ళకుండా నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను.

అతను మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. గండి కొట్టింది నేను, మూయకుండా పోయింది నేను, అబద్ధం చెప్పింది నేను అని నిలబడే చెప్పేశాను. కొడతాడనుకున్నాను. చేతిలో కర్ర కూడా ఉంది. అతను ఒకే ఒక మాట అడిగాడు.

"అయితే నేను నిద్రపోలేదా అన్నా?"

"లేదప్పా, నువ్వు నిద్రపోలేదు" అన్నాను.

"నిజంగానే పోలేదు గదా? అందరూ పోయినావు పోయినావు అంటాంటే, నాకే నమ్మకం పోయింది. నేనే కండ్లు మూసుకొని పడిపోయినానేమో, ఇంగ జన్మలో బండి ముట్టుకోగూడదు అనుకొని ఉండా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అక్కా, నేను అతని లైసెన్సు గురించి, ఉద్యోగం గురించి ఆలోచించాను కానీ, ఒక మనిషికి తన మీద తనకే నమ్మకం లేకుండా చేశానని నాకు తట్టనేలేదు. మంచం పట్టె మీద కూర్చుని నేనూ ఏడ్చాను. మధులత లోపలి నుంచి వచ్చి ఇద్దరినీ చూసింది. నన్ను క్షమించానని అనలేదు. "ఈ మాట ఆడ కూడా చెప్తావా?" అంది. చెబుతానన్నాను. అప్పుడు మంచినీళ్ళు ఇచ్చింది.

ఆ సాయంత్రమే భూపేష్ సారు ఇంటికి వెళ్ళాను. ఆయన తల పట్టుకుని, "ఏమప్పా, ఇంత పని చేసినావు? ఇన్నాళ్ళు యాడ పెట్టుకున్నావు దీన్ని?" అని కేకలేశాడు. ఇరవయ్యో తేదీన అందరి ముందు అదే రాసి సంతకం పెట్టాను. ఓబులేష్ తప్పేమీ లేదని తేల్చారు. లైసెన్సు అతనిదే. కాలు కట్టు విప్పాక మళ్ళీ బండి ఎక్కవచ్చు. నన్ను నెల రోజులు పనిలో నుంచి ఆపారు, గ్రేడరు తీసేశారు. తర్వాత నీళ్ళ ట్యాంకరు తోలాలి. గ్రేడరు తోలినవాడు దుమ్ము మీద నీళ్ళు చల్లుకుంటూ తిరగాలని అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నిన్న రెండు పళ్ళేల అన్నం తిన్నాక కూడా ఆకలేసింది.

నీ కార్డు సంగతి. అది చూసి నేను నిజం చెప్పలేదు అక్కా. అది చూసి నెల రోజులు ఇంకా లోపలికి దాక్కున్నాను. కాబట్టి నా ఉద్యోగానికి నువ్వేమీ చేయలేదు, నా పుణ్యానికీ నువ్వేమీ చేయలేదు. అయినా దాన్ని పారేయలేదు. నువ్వు ఏరినా అందులోని మాట నిజమే కదా. ఇప్పుడు బీరువాలో నుంచి తీసి, నువ్వు హంపమ్మ బియ్యం డబ్బా దగ్గర రాసుకొచ్చిన కాగితంతో కలిపి నా బైబిలులో పెట్టుకున్నాను.

ఈ రోజు రొట్టె తీసుకున్నాను. ముందు పాస్టరుగారికి అంతా చెప్పాను. పళ్ళెం వచ్చినప్పుడు జెస్సీ నా మోచెయ్యి పట్టుకుంది, మళ్ళీ లేచి పోతానేమోనని.

నీ తమ్ముడు,
వసంతకుమార్

*

గుండ్లచెలిమ
మార్చి 3

వసంతూ,

ఉత్తరం చదివి మోకాళ్ళ మీద పడ్డాను, తర్వాత లేవలేక పక్కింటివాళ్ళను పిలిచాను. ఈ రెండూ సంతోషంతోనే.

పదహారో తేదీ ఆదివారం నా సాక్ష్యం చెప్పాను. అందరూ గంభీరంగా ఏడుస్తారనుకున్నాను. పాస్టరుగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఊగుతున్నాయి. వెనక వరుసలో ఆడవాళ్ళు బాహాటంగానే నవ్వారు. చివరికి డబ్బా నా దగ్గర నుంచి తీసేసి హంపమ్మకు ఇచ్చారు. ఇద్దరం ఉద్యోగాలు పోగొట్టుకున్నాం, చూశావా. కొత్త ఏడాదికి ఇంకా పది నెలలుంది, ఆమె అప్పుడే ఆ డబ్బాను పట్టుచీర కట్టుకుని మోస్తోంది, భరించలేకపోతున్నాను.

శనివారం ఏప్రిల్ పన్నెండు. పార నేను సాన పట్టించి ఉంచుతాను.

అక్క

*

గుండ్లచెలిమ
ఏప్రిల్ 14

వసంతూ,

ఆదివారం డ్యూటీ ఉందని శనివారం సాయంత్రం బస్సుకే పోయావు. ఉండి ఉంటే బాగుండేది. నువ్వు పోయాక జరిగింది రాస్తున్నాను.

నిన్న పొద్దున మట్టలు పట్టుకుని ఊళ్ళో నుంచి బయలుదేరాం. మన వంతు మొదట్లో సున్నం కొట్టిన రాయి దగ్గరికి రాగానే నేను నాన్నలాగా చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాను. అరవై ఏళ్ళ కాళ్ళు కదా, అందరూ వద్దన్నారు. వద్దన్నది నాకు వినపడదు, అదొక సుఖం. మన వంతు మొత్తం నడిచాను. నువ్వు గ్రేడరుతో చేసినంత చదునుగా పారతో చేశావు. అంచులకు మట్టి కూడా ఎత్తు చేసి పోయావు. మన దారిలో టిప్పర్లు తిరగవని నీకు ఎవరైనా చెప్పాలి.

మన వంతు చివరి రాయి దాటితే హంపమ్మ వంతు మొదలవుతుంది కదా. అక్కడ కూడా రెండు బారల దాకా కంప కొట్టి, ఊడ్చి ఉంది. ఎవరు చేశారని అడిగితే హంపమ్మ నావైపు చూసి నవ్వి, కాగితం తీసి రాసింది: "మీ తమ్ముడే. మా అత్త పెట్టిన బెల్లం ముక్కకు అన్నాడు."

దారి మధ్యలో నిలబడిపోయాను. వెనక వాళ్ళు నా కోసం ఆగారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నడిచాను.

నువ్వు ఊడ్చినంత మేర నా కాలికి ఒక్క ముల్లు కూడా తగల్లేదు. ఆ తర్వాత హంపమ్మ సొంతంగా ఊడ్చిన చోట రెండు గుచ్చుకున్నాయి. ఆమెతో చెప్పలేదు. వచ్చే ఏడాది మనం కార్డులు తీసే ఆ డబ్బా ఉండేది ఆమె చేతిలోనే కదా.

అక్క